కూత డాక్టరమ్మ నీలం చొక్కా

మా ఆస్పత్రి పురిటి గదిలోంచి కేకలు తక్కువ వినిపిస్తాయి. కూత ఎక్కువ వినిపిస్తుంది. కబడ్డీలో గీత దాటి అవతలి జట్టు మీదికి వెళ్ళేవాళ్ళు ఊపిరి తెగకుండా అంటారే, ఆ కూత. నందిగామలో కోర్టు వెనక సందులో నడిచేవాళ్ళు మొదట్లో ఆగి చూసేవారు, లోపల ఎవరైనా ఆడుకుంటున్నారేమోనని. ఇప్పుడు ఎవరూ ఆగరు. ఎవరికో పురుడొస్తోంది అనుకుని వెళ్ళిపోతారు. పొద్దున పూట కిటికీలోంచి ఎండ పడుతుంటుంది. బల్ల మీద ఒక ఆడకూతురు కళ్ళు మూసుకుని కబడ్డీ కబడ్డీ అంటుంటుంది. పక్కన నేనూ అంటుంటాను. డాక్టరమ్మ ఆమె కాళ్ళ దగ్గర నిలబడి తల ఊపుతుంటుంది. అప్పుడు ఆ గది నేల మీద ఉన్నట్టు ఉండదు. మునేట్లో పడవ మీద పోతున్నట్టు ఉంటుంది.

నాకు చదువు రాదు. సంతకం వచ్చు, అంకెలు వచ్చు, బస్సు మీద పేట అన్న ముక్క ఎలా ఉంటుందో తెలుసు. నేను చెప్తుంటే మా నర్సమ్మ రాస్తోంది. నా గొంతు గరుకు. జగ్గయ్యపేట పక్కన పాతికేళ్ళు మిరపకాయలకు తొడాలు తీశాను. ఆ ఘాటు గొంతులోకి వెళ్ళి అక్కడే కాపురం పెట్టింది. మా ఆయన బతికున్న రోజుల్లో నేను జోలపాడబోతే చేయి అడ్డం పెట్టేవాడు. నువ్వు పాడితే నిద్రపోయే పిల్లలు కూడా లేచి కూచుంటారే అని నవ్వేవాడు. ఆయన పోయాక ఏడాది పాటు నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఆ గొంతుతో పనేముందిలే అనుకున్నాను.

ఆ ఏడాది చివర్లో ఈ ఆస్పత్రిలో ఆయా కావాలని తెలిసి వచ్చాను. డాక్టరమ్మకు నలభై దాటి ఉంటాయి. నేను గుమ్మంలో నిలబడితే ఆమె నా మొహం చూడలేదు, ముందు నా చీలమండలు చూసింది. ఆమె ఒకప్పుడు కబడ్డీ ఆడింది. ఆటలో అవతలివాళ్ళు ఎటు కదులుతారో చీలమండలే చెప్తాయట, ఆ అలవాటు పోలేదని తర్వాత తెలిసింది. ఏ ఊరని అడిగింది. చెప్పాను. ఆమె పుట్టిన ఊరు మా ఊరి పక్కనే. వాళ్ళ నాన్న కౌలుకు చేసిన మిరప చేలో నేనూ కాయ కోసిన దాన్నే. ఆ మాట వినగానే కుర్చీ చూపించింది. పిన్నీ అని పిలిచింది. ఆ రోజు నుంచి అదే పిలుపు.

"చిన్నప్పుడు చెడుగుడు ఆడావా పిన్నీ?" అని అడిగింది.

పెద్దమనిషి అయ్యేదాకా మగపిల్లలతో కలిసి ఆడానని చెప్పాను. అయితే ఒకసారి కూత పెట్టమంది. నాకు సిగ్గేసింది. బొట్టు తీసేసిన మనిషిని, పని అడగడానికి వచ్చి డాక్టరు ముందు నిలబడి కబడ్డీ అనడమేమిటి. అయినా అన్నాను. నా గొంతు రాతి మీద గిన్నె తోమినట్టు వచ్చింది. ఆమె గడియారం చూసుకుంటూ ఉండిపోయింది. ఊపిరి అయిపోయి నేను ఆగాక, రేపు పొద్దున్నే రమ్మంది.

కూత ఎందుకో ఆమే చెప్పింది. నొప్పులు వస్తున్నప్పుడు లోపల దారి పూర్తిగా తెరుచుకోకముందే ఆడవాళ్ళకు ముక్కాలనిపిస్తుంది. అప్పుడు ముక్కితే తల్లికీ చేటు, బిడ్డకూ చేటు. ముక్కవద్దు అని ఎంత అరిచినా ఆ నొప్పిలో ఎవరికి వినబడుతుంది. కూత పెట్టేటప్పుడు ఊపిరి సన్నగా బయటికి పోతూనే ఉంటుంది, బిగబట్టడం కుదరదు. బిగబట్టకపోతే ముక్కడం కుదరదు. అంతే సంగతి. ఈ సంగతి ఆమె వైద్యం చదివిన చోట ఎవరూ చెప్పలేదట. ఆటలోంచి తెచ్చుకుంది. కొత్తగా వచ్చిన వాళ్ళు ఆమె చెప్తే నవ్వుతారు, నేను పక్కన నిలబడి అంటే అంటారు. నా గొంతు సన్నగా తియ్యగా ఉంటే వాళ్ళకు జాలి పుట్టేదేమో. ఈ గరుకు గొంతుకు మనుషులు మాట వింటారు.

ఆమె మన దేశం తరఫున ఆడింది. ఎన్ని దేశాలు తిరిగిందో నాకు లెక్క తెలియదు. మధ్యాహ్నం రోగులు పలచబడ్డాక మేడ మీద వంటింట్లో పీట మీద కూచుని టీ తాగుతూ ముక్కలు ముక్కలుగా చెప్పేది. మట్టి ఉండదట అక్కడ, పరుపుల్లాంటి చాపలు పరుస్తారట. చలి ఎంతంటే కూత పెడితే నోట్లోంచి పొగ వస్తుందట. తలకు గుడ్డ కట్టుకున్న పరదేశపు అమ్మాయి ఒకతె ఈమె చీలమండ పట్టుకుని వదల్లేదట. ఒకరి భాష ఒకరికి రాదు. ఇద్దరికీ వచ్చిన మాట కబడ్డీ ఒక్కటే. ఆట అయ్యాక ఆ అమ్మాయి వచ్చి ఈమె మోకాలికి కట్టు కట్టిందట. నేను పొయ్యి దగ్గర నిలబడి వింటుంటే ఆ చాపలూ ఆ దీపాలూ ఆ గుడ్డ కట్టుకున్న పిల్లా అన్నీ మా వంటింటి గోడ మీద కదిలేవి. నేను పేట దాటి బెజవాడ దాకా తప్ప ఎక్కడికీ వెళ్ళలేదు. అయినా ఆ చలి నాకు తెలుసు.

కూత నేర్పింది వాళ్ళ నాన్నట. మిరప సాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్క ఊపిరిలో వెళ్ళి రమ్మనేవాడట. మధ్యలో ఊపిరి తెగితే మళ్ళీ మొదటి నుంచి. నేను ఆ చేలో కాయ కోస్తుండగా ఒక పిల్ల సాళ్ళ మధ్య గొణుక్కుంటూ పరిగెత్తడం నాకు గుర్తుంది. ఎర్రటి కాయల మధ్య నుంచి నల్లటి జడ ఊగుతూ పోవడం. నిజంగా చూశానో, ఆమె చెప్పాక చూసినట్టు అనిపిస్తోందో చెప్పలేను. గుర్తుంది అనే అనుకుంటాను.

ఇక్కడ ఇంకో పద్ధతి ఉంది. పురిటి గదిలోకి వెళ్ళేటప్పుడు డాక్టరమ్మ వంగి గడప తాకి ఆ వేళ్ళు నుదుటికి ఆనించుకుంటుంది, ఆటగాళ్ళు బరిలో దిగేటప్పుడు చేసినట్టు. తర్వాత చేతులు కడుక్కుంటుంది. బిడ్డ బయటపడగానే మొదట నా చేతుల్లో పెడుతుంది. మొగుడు పోయిన మనిషి చేతికి మొదట బిడ్డను ఇవ్వడమేమిటని కొందరు గునిసేవారు. ఆమె వినేది కాదు. నేను రెండు చేతులూ చాచి నిలబడితే ఆ వెచ్చటి, తడి బరువు వచ్చి పడుతుంది. మా ఆయన పోయాక నన్ను మళ్ళీ మనిషిని చేసింది ఆ బరువే. ఇంకేదైనా పోనీ, అది మాత్రం పోకూడదని నా ఆశ. ఈ చొక్కా గొడవంతా అందుకే చెప్తున్నాను.

మా వైపు పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వెయ్యరు. పురిటి స్నానం అయ్యేదాకా పాతగుడ్డలే. ఎంత పాతదైతే అంత మెత్తన. ఆస్పత్రిలో ఆ పాతగుడ్డలు సిద్ధం చేసేది నేను. చీరలు, పంచెలు, దుప్పట్లు ఎవరిస్తే వాటిని ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, ముక్కలు చేసి పెట్టెలో పెడతాను. డాక్టరమ్మ ఇల్లు ఆస్పత్రి పైనే. పైన ఇనప పెట్టెలో పాత దుప్పట్లు ఉన్నాయి, కావాల్సినప్పుడు తీసుకో పిన్నీ అని ఆమె ఎప్పుడో చెప్పి ఉంది.

ఆ శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఉతికిన గుడ్డలన్నీ తీగ మీద తడితడిగా వేలాడుతున్నాయి. పెట్టె ఖాళీ. ఆ మధ్యాహ్నం వేదాద్రి దారిలోని ఒక ఊరి నుంచి ఒక కోడలిని తీసుకొచ్చారు. ఎనిమిదో నెల. వెంట అత్తగారు. పెద్ద రైతు ఇంటి మనిషి, మెడ నిండా నగలు, నోటి నిండా మాటలు. ఎనిమిదో నెల బిడ్డ దక్కదని దారి పొడుగునా అంటూనే వచ్చిందట. ఆ కోడలు మాత్రం మొండిది. నేను ఒక్కసారి చెప్పగానే కూత అందుకుంది. బయట వాన, లోపల మా ఇద్దరి కూత. కాసేపటికి ఏది వానో ఏది కూతో తెలియలేదు.

బిడ్డ పడే వేళకు నేను చేతులు చాచాను. గుమ్మంలోంచి చూస్తున్న అత్తగారు గట్టిగానే అంది.

"బొట్టు లేని మనిషి చేతిలోనా మొదట పెట్టేది? అసలే నెల తక్కువ బిడ్డ."

డాక్టరమ్మ తల ఎత్తలేదు. "అయితే నువ్వు పట్టుకో పెద్దమ్మా. మోచేతుల దాకా కడుక్కుని రా. నగలు తీసి రా."

ఆవిడ నేల మీద రక్తం చూసి రెండడుగులు వెనక్కి వేసింది. బిడ్డ నా చేతుల్లో పడ్డాడు. పడ్డాడంటే పడ్డాడు, బరువే లేదు. తడిసిన పిచిక. డాక్టరమ్మ వాణ్ణి తుడిచి, ఏడిపించి, తల్లి గుండెల మీద బోర్లా పెట్టింది. మెత్తటిది, వెచ్చటిది ఏదైనా కప్పు పిన్నీ, తొందరగా అంది. తల్లికి రక్తం ఆగడం లేదు. ఆమె అటు తిరిగింది.

నేను పైకి పరిగెత్తాను. ఇనప పెట్టె తెరిచాను. దుప్పట్లు తీసి చూస్తే అన్నీ గరుకే. అడుగున మడత పెట్టి ఒక నీలం చొక్కా ఉంది. బనీను గుడ్డ. వెలిసిపోయి, అరిగిపోయి, చేతిలోకి తీసుకుంటే పాల మీది మీగడలా జారింది. ఛాతీ మీద బిరుసుగా ఏవో ఇంగ్లీషు అక్షరాలు. సంతలో కొనే ప్రతి చొక్కా మీదా ఇంగ్లీషే కదా. కింద అంచుకు ఎండిపోయిన మట్టి మరక ఉంది. నేను ఆలోచించలేదు. కత్తెర తీసుకున్నాను. మట్టి అంటిన అంచు కత్తిరించి పారేశాను. అక్షరాలున్న ముక్క బిడ్డ ఒంటికి గీరుకుంటుందని చతురస్రంగా కోసి పక్కన పెట్టాను. మిగతాది మరిగే నీళ్ళలో ముంచి, పిండి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, ఆ వేడి పోకుండా గుండెలకు అదుముకుని కిందికి తెచ్చాను. కప్పగానే బిడ్డ గింజుకోవడం ఆపాడు, ఊపిరి ఒక తీరున పడింది. నెమ్మదిగా, లెక్కగా.

సాయంత్రం వాన వెలిశాక డాక్టరమ్మ తల్లిని చూడ్డానికి వచ్చి ఆ మంచం దగ్గర చాలాసేపు నిలబడింది. బిడ్డ ఊపిరి చూస్తోందనుకున్నాను. ఆమె వేలితో ఆ గుడ్డ అంచు తాకింది. ఏమీ అనకుండా వెళ్ళింది. బిడ్డ దక్కాడు, తల్లీ దక్కింది. మూడు వారాలకు ఇంటికి వెళ్ళారు, ఆ గుడ్డతోనే వెళ్ళారు.

బిరుసు ముక్క వంటింట్లో మసిగుడ్డ అయింది. మా పట్టకారు అప్పటికే వదులైపోయి గిన్నె జార్చేస్తోంది. ఆ ముక్క మందంగా ఉండి చేతికి వేడి తగలనిచ్చేది కాదు. రోజుకు నాలుగుసార్లు దానితోనే టీ గిన్నె దించేదాన్ని.

సంక్రాంతి వెళ్ళిన తర్వాత ఒక పూట పేట నుంచి ఒక మాస్టారు వచ్చారు. డాక్టరమ్మ చదివిన బడిలో ఆటలు నేర్పే మాస్టారు. బడిలో అద్దాల బీరువా పెడుతున్నామని, ఆమె దేశం తరఫున ఆడినప్పుడు తొడుక్కున్న నీలం చొక్కా అందులో పెట్టాలని, వచ్చే ఆదివారం ఆమే వచ్చి ఇవ్వాలని అడిగారు. నేను టీ గ్లాసులు పట్టుకుని పక్కనే ఉన్నాను. చూద్దాం మాస్టారూ, పైన ఎక్కడో ఉండాలి అంది డాక్టరమ్మ.

ఆయన వెళ్ళాక నేను రోగులను చూసే గదిలోకి వెళ్ళాను. గోడ మీద ఒక ఫొటో ఉంటుంది, పన్నెండు మంది ఆడపిల్లలు వరసగా నిలబడి ఉంటారు. రోజూ దాని దుమ్ము తుడిచేది నేనే. ఆ రోజు మొదటిసారి వాళ్ళ మొహాలు కాకుండా చొక్కాలు చూశాను. నీలం. ఛాతీ మీద అక్షరాలు. వంటింట్లోకి వెళ్ళి మసిగుడ్డ తెచ్చి ఫొటో పక్కన పట్టాను. ఒక్కో గీతా చూశాను. చదవడం రాకపోతేనేం, ఒకటే అని తెలిసింది. నర్సమ్మను పిలిచి ఇదేం రాసుందని అడిగాను.

"ఇండియా అని రాసుంది. నీకెక్కడిది ఇది?" అంది.

ఆ ముక్క మడిచి కొంగులో దోపుకున్నాను. పురిటి గది గడపలోంచి నన్ను బయటికి పంపడానికి ఇంతకంటే ఏం కావాలి. వంటింట్లో పాత్రలు తోముకుంటూ పడి ఉండమంటుంది, బిడ్డలను మాత్రం ఇక నా చేతిలో పెట్టదు అనుకున్నాను. మర్నాడు నా సెలవు రోజు. ఆ పెద్ద ముక్క వెనక్కి తెస్తే నర్సమ్మ చేత కుట్టించుకోవచ్చని ఆశ. ఆ పిల్లవాడి ఊరి పేరు కనుక్కుని పొద్దున్నే బస్సెక్కాను.

పేటలో దిగి ఆటో మారాను. దారికి రెండు వైపులా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పొగమంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఆ తెల్లటి దాంట్లోంచి ఎర్రటి కళ్ళాలు ఒకటొకటిగా తేలి వచ్చి వెనక్కి వెళ్ళిపోతుంటే, ఎవరో నిద్రలో దుప్పటి అంచులు లాగుతున్నట్టుంది. ఘాటు ముక్కుకు తగిలి పాతికేళ్ళ పని అంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. ఒక సాలు చివర ఎవరో పిల్ల పరిగెత్తినట్టు అనిపించింది. తిరిగి చూస్తే కొంగ.

ఆ ఇల్లు పెద్దది. అత్తగారు వసారాలో కూచుని ఉంది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుమ్మం బయటే నిలబెడుతుందనుకున్నాను. "ఆ కూత పెట్టినావిడవి కదూ, లోపలికి రామ్మా" అంది. మజ్జిగ తెచ్చింది. వసారా దూలానికి ఉయ్యాల వేలాడుతోంది. అందులో వాడు. తడిసిన పిచిక ఎక్కడ, వీడెక్కడ. బుగ్గలు, మణికట్టు దగ్గర మడతలు. పిడికిట్లో నీలం గుడ్డ.

నేను వచ్చిన పని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచి మజ్జిగ తాగాను. మూడోసారి చెప్పేశాను. అది డాక్టరమ్మ దేశం తరఫున ఆడినప్పటి చొక్కా అని, తెలియక కోశానని, ఆమెకు ఇంకా చెప్పలేదని, ఆదివారం లోపల కావాలని. ఆవిడ నోటి మీద చేయి పెట్టుకుంది. తర్వాత నవ్వింది.

"ఆటాడిన చొక్కానా? అందుకేనా వీడు నన్నట్టా తంతున్నాడు." కాసేపాగి మళ్ళీ అంది. "ఓ పేలిక మా ఆడపడుచు కోడలు అడిగి పట్టుకెళ్ళింది, ఆవిడకీ నెల తక్కువ భయం. ఇంక మిగిలింది ఇదే. డాక్టరమ్మదంటే నేను కాదంటానా, తీసుకెళ్ళు. కాకపోతే అది లాగితే ఊరు లేచేట్టు ఏడుస్తాడు. వాణ్ణి నిద్రపుచ్చి తీసుకెళ్ళు. నా వల్ల కాదు."

ఆవిడ లోపలికి వెళ్ళింది. వసారాలో నేనూ వాడూ మిగిలాం. ఉయ్యాల ఊపాను. వాడు నన్నే చూస్తున్నాడు. జోల నాకు రాదు, వచ్చినా మా ఆయన మాట గుర్తుంది. ఇంకేం చెయ్యాలో తోచక, వాడు పుట్టేటప్పుడు అన్నదే అన్నాను. గొంతు పైకి రానివ్వకుండా, ఊపిరి సన్నగా వదులుతూ, కబడ్డీ కబడ్డీ కబడ్డీ. ఉయ్యాల అటు వెళ్ళి ఇటు వచ్చే వేళకు ఒక ఊపిరి. మళ్ళీ ఇంకో ఊపిరి. వాడి కళ్ళు మూతపడి తెరుచుకుని మళ్ళీ మూతపడ్డాయి. మంచు విడి ఎండ వసారాలోకి జరిగింది. తాడు కిర్రుమంటోంది. నేను ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. మిరప సాలు చివర ఉన్నానా, ఆ చలి దేశంలో దీపాల కింద ఉన్నానా. మా ఆయన ఆ గుమ్మం పక్కన నిలబడి, చేయి అడ్డం పెట్టకుండా వింటున్నాడు.

వాడు నిద్రపోయాడు. పిడికిలి దానంతటదే విడింది. నీలం గుడ్డ జారి ఉయ్యాల అంచున వేలాడింది. నేను దాన్ని చేతిలోకి తీసుకున్నాను. పాలవాసన. వాడి వేళ్ళు ఖాళీగా ఒకసారి మూసుకుని తెరుచుకున్నాయి, దేన్నో వెతుక్కుంటున్నట్టు. నా చేయి ఎటు పోవాలో నేను నిర్ణయించుకోలేదు, అదే పోయింది. గుడ్డ మళ్ళీ ఆ పిడికిట్లో పెట్టి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరమ్మ వంటింట్లోకి వచ్చి పీట మీద కూచుంది. నేను టీ గిన్నె దించి మసిగుడ్డ ఆమె ముందు నేల మీద పరిచాను. జరిగింది మొదటి నుంచి చెప్పాను. ఉయ్యాల దాకా చెప్పాను. ఆమె టీ ఊదుకుంటూ విన్నది.

"నాకు తెలుసు పిన్నీ" అంది. "ఆ రోజే తెలుసు. ఐదు నెలల్నుంచి దాంతోనే నాకు టీ దించుతున్నావుగా."

మరి ఒక్క మాట అనలేదేమని అడిగాను.

"అంటే నువ్వు దాచేస్తావు. పెట్టెలో ఉన్నన్నాళ్ళూ ఏడాదికోసారి కూడా తీసి చూడలా. ఇక్కడుంటే రోజుకు నాలుగుసార్లు చూస్తన్నా."

తర్వాత చెప్పింది. పరదేశంలో ఆఖరి ఆట ఆడుతున్న పూట ఇక్కడ వాళ్ళ నాన్న పోయారట. ఆట అయ్యేదాకా ఆమెకు చెప్పలేదు. ఎక్కడెక్కడో విమానాలు మారి వచ్చేసరికి గొయ్యి పూడ్చేశారు. చొక్కా మార్చుకోకుండా వచ్చింది. అక్కడ మోకాళ్ళ మీద కూచుంటే నోట్లోంచి మాట రాలేదట. సాలు పొడుగునా తెగని ఊపిరి అక్కడ తెగింది. మళ్ళీ ఆడలేదు. వైద్యం చదువు పూర్తి చేసింది.

"కింద అంచుకి మట్టి ఉండాలి. చూశావా?"

చూశానని చెప్పాను. కత్తిరించి పారేశానని కూడా చెప్పాను. అబద్ధం చెప్పొచ్చు, నోరు తిరగలేదు. నాకు రెండు భయాలు పట్టుకున్నాయి. ఒకటి, వాళ్ళ నాన్న సమాధి మట్టిని పారేశానే అని. ఇంకోటి, సమాధి దగ్గర తొడుక్కున్న గుడ్డను పురిటి బిడ్డకు చుట్టానే అని. ఆ అత్తగారికి తెలిస్తే ఏమంటుంది.

ఆమె గ్లాసు నేల మీద పెట్టింది. టీ చల్లారిపోయింది.

"వాడు నిద్రపోయాడా?" అని అడిగింది.

"పోయాడమ్మా. కూతకే పోయాడు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. కింది నుంచి నర్సమ్మ పిలిచింది, కంచికచర్ల నుంచి నొప్పులతో ఒకామె వచ్చిందని. డాక్టరమ్మ లేచింది. మోకాలు పట్టేసి ఒక చేత్తో నా భుజం పట్టుకుంది. మెట్లు దిగింది. పురిటి గది ముందు వంగి గడప తాకింది. నేను వెనక ఆగిపోయాను, లోపలికి రావచ్చో లేదో తెలియక.

"ఏంటి నిలబడ్డావు పిన్నీ? చేతులు కడుక్కో. కూత అందుకో."

అందుకున్నాను. ఆ పూట ఆడపిల్ల పుట్టింది. బరువుగా వచ్చి నా చేతుల్లో పడింది.

ఆదివారం ఆమె పేటకు ఆ మసిగుడ్డే తీసుకెళ్ళింది, నన్నూ వెంటబెట్టుకుని. ముందు రోజు నేను సోడా వేసి ఎంత రుద్దినా గిన్నె అంచు మచ్చ పోలేదు. ఉండనీ అంది. బడిలో అద్దాల బీరువాలో అది ఉంది, వంకర అంచులతో, నల్లటి మచ్చతో. కింద ఏదో రాసి అంటించారు. ఏం రాసుందని నేను అడగలేదు. మాస్టారు మాత్రం దాన్ని చూసి, చొక్కా ఏదమ్మా అని రెండుసార్లు అడిగారు పాపం.

ఇప్పుడు ఏ పాతగుడ్డ వచ్చినా కత్తెర పెట్టేముందు నర్సమ్మకు చూపిస్తాను. బియ్యం సంచి అయినా సరే, ఇందులో ఏం రాసుందో చదువు అంటాను. ఆమె విసుక్కుంటూనే చదువుతుంది.

ఆ పిల్లవాడికి ఏడాది నిండాక వాళ్ళ నాయనమ్మ వాణ్ణి చంకనేసుకుని వచ్చింది. నేల మీద దింపగానే వాడు బల్ల పట్టుకుని నడుస్తున్నాడు. ఇక గుడ్డ అడగడం మానేశాడట. ఉతికి, మడత పెట్టి తెచ్చింది. ఆవిడే నా చేతిలో పెట్టింది. జేబురుమాలు కంటే కాస్త పెద్దది, అంతే. డాక్టరమ్మ దాన్ని తీసుకుని మొహానికి ఆనించుకుంది. ఆ ఊపిరి చాలాసేపు ఆమె లోపలే ఉంది. పైకి తీసుకెళ్ళి ఇనప పెట్టెలో పెడుతుందనుకున్నాను. నాకే తిరిగి ఇచ్చింది.

"ఉడకబెట్టి కింద పెట్టెలో పెట్టు పిన్నీ. ముసురు పట్టేట్టుంది."

ఉడకబెట్టాను. ఎండ లేదు, పొయ్యి పక్కన ఆరేశాను. ఆ వారంలోనే నెల తక్కువ పిల్ల ఒకతె పుట్టింది. ఒళ్ళంతా కప్పడానికి చాల్లేదు. తలకు చుట్టాను.